దిశ లేని వేగం

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



కొంతకాలం క్రితం చిత్తూరులో ఒక సోదరుని ఇంటికి వెళ్ళాము. ఇషా నమాజు అయ్యాక భోజనాల దగ్గర ఆయన తన మనసులోని దిగులు చెప్పుకొచ్చారు. ఆయన పెద్దమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఒక వెన్నెల రాత్రి మిద్దె మీద కూర్చుని ఉండగా, "అబ్బా, చందమామ ఎప్పుడూ భూమివైపు పడుతూనే ఉంటుందంట. మరి మన మీదికి వచ్చి పడదెందుకు?" అని అడిగింది. "ఇట్లాంటివి అడగొద్దు బేటీ, ఈమాన్ చెడిపోతుంది" అని తండ్రి కసిరారు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఆయన్ను ఏమీ అడగలేదు. పాఠాల సంగతే కాదు, నమాజు గురించి, ఖుర్ఆన్ గురించి కూడా అడగడం మానేసింది.

"ఈ చదువు మన దీన్‌కు ఏం పనికొస్తుంది సాబ్? పదితోనే ఆపేసి ఉండాల్సింది. వచ్చే ఏడు మాన్పించేద్దామనుకుంటున్నా. మీరూ ఒక మాట చెప్పండి" అన్నారాయన.

మేము ఆ మాట చెప్పలేదు. ఆ అమ్మాయి భౌతికశాస్త్ర పుస్తకం తెప్పించి, తండ్రీకూతుళ్ళ మధ్య కూర్చుని, చలనం పాఠం తెరిచాము. ఆ రాత్రి మాట్లాడుకున్న విషయాలనే ఇప్పుడు మీ ముందు ఉంచుతున్నాము.

ప్రశ్న ఈమాన్‌కు శత్రువా?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. ఆకాశం వైపు చూడవద్దని దివ్య ఖుర్ఆన్ ఎక్కడా చెప్పలేదు. చూడమనే చెప్పింది. భూమ్యాకాశాల సృష్టిలోనూ, రేయింబవళ్ళ రాకపోకల్లోనూ బుద్ధిమంతులకు నిదర్శనాలున్నాయని, వారు నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా అల్లాహ్‌ను స్మరిస్తూ ఆ సృష్టిని గురించి యోచిస్తుంటారని ఆలి ఇమ్రాన్ సూరా (3:190-191) తెలుపుతోంది. అల్ ముల్క్ సూరా (67:3-4) అయితే, కరుణామయుని సృష్టిలో ఎక్కడైనా లోపం కనిపిస్తుందేమో మళ్ళీ మళ్ళీ చూసుకోమని మనిషికి సవాలు విసిరింది. అలాంటి గ్రంథాన్ని విశ్వసించేవారు పదహారేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు భయపడటమేమిటి?

హజ్రత్ ఇబ్రాహీం (అలై) నక్షత్రాన్ని చూశారు, చంద్రుణ్ణి చూశారు, సూర్యుణ్ణి చూశారు. మూడూ అస్తమించేవేనని జాతికి చూపించి, వాటిని సృష్టించినవాని వైపే తన ముఖాన్ని మరల్చుకున్నానని ప్రకటించారు (6:76-79). ఆకాశాన్ని గమనించడం ఆయన్ను అల్లాహ్‌కు దూరం చేయలేదు.

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక ఘట్టం చూడండి. ఆయన కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుడు మరణించినందుకే సూర్యుడు చీకటయ్యాడని జనం చెప్పుకోసాగారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోని రెండు సూచనలని, ఎవరి మరణానికో, ఎవరి జీవితానికో వాటికి గ్రహణం పట్టదని, గ్రహణాన్ని చూసినప్పుడు అల్లాహ్‌ను వేడుకుని నమాజు చేయాలని ఆయన (స) బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కన్నకొడుకును పోగొట్టుకున్న రోజున కూడా, తన గౌరవాన్ని పెంచే మాటే అయినా, ఆయన ఒక తప్పుడు కారణాన్ని ఒప్పుకోలేదు. మనం అలాంటి ప్రవక్త అనుచర సమాజం!

వడి వేరు, వేగం వేరు

ఇక పాఠంలోకి వెళ్దాం. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. ఒక వ్యక్తి పొద్దున బయలుదేరి, తిరుపతిలో పని చూసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాడనుకోండి. అతను ప్రయాణించిన దూరం 140 కిలోమీటర్లు. కానీ పొద్దున బయలుదేరిన గడపకూ, సాయంత్రం చేరిన గడపకూ మధ్య ఎడం ఎంత? సున్నా. పాఠ్యపుస్తకం దీన్ని స్థానభ్రంశం అంటుంది. దూరం చెప్పడానికి ఒక అంకె చాలు. స్థానభ్రంశానికి అంకెతో పాటు దిశ కూడా చెప్పాలి. దిశతో పనిలేని రాశులు అదిశలు. దిశ చెబితేగాని పూర్తికాని రాశులు సదిశలు.

వడి, వేగం అనే మాటలను మనం ఒకే అర్థంలో వాడేస్తాం. శాస్త్రంలో అవి వేరు. తిరుపతి బస్టాండు నుంచి రెండు బస్సులు గంటకు 50 కిలోమీటర్ల చొప్పున బయలుదేరాయి. ఒకటి చిత్తూరు వైపు, మరొకటి శ్రీకాళహస్తి వైపు. రెండింటి వడి సమానమే, వేగం మాత్రం సమానం కాదు. వేగంలో దిశ కూడా భాగం గనుక. చిత్తూరు పోవలసినవాడు పొరపాటున శ్రీకాళహస్తి బస్సెక్కితే, డ్రైవరు ఎంత జోరుగా నడిపితే అతను తన ఇంటికి అంత దూరమవుతాడు. బస్సు బాగుంది, రోడ్డు బాగుంది, టికెట్టు కూడా కొన్నాడు. దిశే తప్పింది.

ఈ మాట వినగానే అల్ కహఫ్ సూరా (18:103-104) గుర్తుకు రావాలి. ఆచరణల రీత్యా అందరికన్నా ఎక్కువగా నష్టపోయేవారెవరో అల్లాహ్ అక్కడ తెలియజేశాడు. ప్రాపంచిక జీవితంలో వారి శ్రమంతా దారితప్పి ఉంటుంది, వారు మాత్రం తాము మంచిపనులే చేస్తున్నామని అనుకుంటుంటారు. వారు సోమరులు కారు. శ్రమపడ్డవారే. అన్ నహ్ల్ సూరా (16:92) గట్టిగా నూలు వడికి, ఆ తర్వాత దాన్ని తానే తునకలు తునకలుగా విప్పేసుకున్న స్త్రీలా కావద్దని హెచ్చరించింది. రోజంతా శ్రమ, చివరికి చేతిలో పీచు. దూరం చాలా ఉంది, స్థానభ్రంశం సున్నా. రంజాన్ నెలంతా ఉపవాసాలుండి, పండుగ మరునాటి నుంచి ఫజ్ర్ నమాజు వదిలేసేవారు, దానం చేసి ఆ తర్వాత ఎత్తిపొడిచేవారు తమ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఒకే బాట, రెండు ప్రయాణాలు

మన ఆచరణకు దిశ ఏది? దానికి సమాధానం హజ్రత్ ఉమర్ (ర) ఉల్లేఖించిన హదీసులో ఉంది. బుఖారీ గ్రంథం ఆ హదీసుతోనే మొదలవుతుంది. ఆచరణలు సంకల్పాల మీదే ఆధారపడి ఉంటాయని, ఎవరు దేన్ని సంకల్పిస్తే వారికి అదే దక్కుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ ప్రయాణమే. హిజ్రత్ చేసినవారు ఉన్నారు. అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం బయలుదేరినవాని హిజ్రత్ అల్లాహ్ వైపు, ప్రవక్త వైపు సాగినట్లు. ఏదో లాభం కోసమో, ఒక స్త్రీని వివాహమాడటం కోసమో బయలుదేరినవాని హిజ్రత్ దాని కోసమే.

ఆలోచించండి! ఇద్దరూ నడిచింది మక్కా నుంచి మదీనాకే. ఎడారి అదే, ఎండ అదే, మజిలీలూ అవే. పక్కపక్కనే నడిచారేమో కూడా. చూసేవారికి ఒకే ప్రయాణం. అల్లాహ్ దృష్టిలో మాత్రం ఇద్దరి దిశలు వేరు. ప్రళయదినాన మొట్టమొదట విచారణకు వచ్చే ముగ్గురిని గురించి హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు, ఖుర్ఆన్ నేర్చి నేర్పినవాడు, ధనం ధారపోసినవాడు. ముగ్గురి ఆచరణలూ కొండంత. కానీ జనం పొగడాలన్నదే వారి సంకల్పం. ఆ పొగడ్త ఇక్కడే దొరికిపోయింది. అక్కడ ఏమీ మిగలలేదు.

శ్రీహరికోట నేర్పే పాఠం

ఇప్పుడు మన జిల్లాలోకే వద్దాం. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండిన శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి రాకెట్ లేచినప్పుడు ఆకాశం తేటగా ఉంటే తిరుపతి మిద్దెల మీది నుంచి కూడా తూర్పున ఆ నిప్పుగీత కనిపిస్తుంది.

1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్‌ను అక్కడి నుంచి తొలిసారి ప్రయోగించారు. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. రామేశ్వరంలో పడవ నడుపుకున్న నమాజీ తండ్రి కొడుకు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశలో రాకెట్‌ను సరైన వైపు నిలిపి ఉంచే నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు లీకైంది. అందులోని ద్రవం కారిపోయింది. రాకెట్ అదుపు తప్పి, బయలుదేరిన అయిదు నిమిషాల పైచిలుకుకే బంగాళాఖాతంలో పడింది. ఆ లోపాన్ని కనిపెట్టి, సరిదిద్ది, 1980 జూలై 18న మళ్ళీ ప్రయోగించారు. ఈసారి 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది.

మొదటి రాకెట్‌కు బలం తక్కువై పడిపోలేదు. దిశను కాపాడే వ్యవస్థ దెబ్బతినడం వల్ల పడింది. ప్రదర్శనాబుద్ధి (రియా) కూడా మన ఆచరణలో అలాంటి లీకే. బయటికి కనిపించదు. మంట బాగానే మండుతుంటుంది, జనం చప్పట్లు కొడుతుంటారు, లోపల మాత్రం చిత్తశుద్ధి (ఇఖ్లాస్) చుక్కచుక్కగా కారిపోతుంటుంది. అందుకే నమాజుకు ముందే కాదు, నమాజు మధ్యలోనూ, నమాజు అయ్యాకా మన సంకల్పాన్ని మనం తనిఖీ చేసుకోవాలి.

శ్రీహరికోటలోనే మరో పాఠం ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని పంపాలంటే రాకెట్ దక్షిణంగా పోవాలి. తిన్నగా పోతే దారిలో శ్రీలంక వస్తుంది. రాకెట్ నుంచి విడిపోయే భాగాలు జనం మీద పడకూడదు. అందుకని పి.ఎస్.ఎల్.వి. రాకెట్ ముందు ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, ఆ తర్వాత దక్షిణానికి మళ్ళుతుంది. అలా మళ్ళడానికి అదనంగా ఇంధనం ఖర్చవుతుంది. దిశ మార్చుకోవడం ఊరికే రాదన్నమాట. మనం మంచి గమ్యానికే పోతున్నా, దారిలో ఇరుగుపొరుగు మీద మన శకలాలు పడకుండా చూసుకోవాలి. దాసుల హక్కులంటే ఇవే. ఇక తప్పు దిశలో పోయినవాడు ఎంత త్వరగా మళ్ళితే అంత సులువు. తౌబాను రేపటికి వాయిదా వేసేవాడు తన భారాన్ని తానే పెంచుకుంటున్నాడు.

చంద్రుడు ఎందుకు పడిపోడు?

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. కదులుతున్న వస్తువును ఏ బలమూ ఆపకపోతే, తిప్పకపోతే, అది అదే వడితో సరళరేఖలో సాగిపోతుంది. దీన్ని జడత్వం అంటారు. చంద్రుడు మనకు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలో, సెకనుకు సుమారు ఒక కిలోమీటరు వడితో కదులుతున్నాడు. భూమి ఆకర్షణ ఒక్కసారిగా లేకుండా పోతే చంద్రుడు తిన్నగా శూన్యంలోకి వెళ్ళిపోతాడు. చంద్రుని చలనం ఆగిపోతే వచ్చి భూమి మీద పడతాడు. ఇవి రెండూ కలిసి ఉన్నాయి గనుకనే కక్ష్య ఏర్పడింది.

మిద్దె మీది నుంచి వదిలిన రాయి మొదటి సెకనులో దాదాపు 4.9 మీటర్లు కిందికి వస్తుంది. భూమి కేంద్రం నుంచి మనం ఉన్న దూరం కంటే చంద్రుడు 60 రెట్లు ఎక్కువ దూరంలో ఉన్నాడు గనుక, అక్కడ ఆకర్షణ 60ని 60తో గుణిస్తే వచ్చినంత, అంటే 3600 రెట్లు తక్కువ. కాబట్టి చంద్రుడు ఒక సెకనులో తన సరళరేఖ నుంచి భూమివైపు ఒరిగేది మిల్లీమీటరున్నర కూడా ఉండదు. రాయినీ చంద్రుణ్ణీ ఒకే నియమం కింద లెక్కగట్టి న్యూటన్ 1687లో ప్రచురించిన గ్రంథంలో చూపించాడు. ఆ అమ్మాయి విన్నది నిజమే. చంద్రుడు ప్రతి క్షణం పడుతూనే ఉన్నాడు. ముందుకు సాగుతూ పడుతున్నాడు గనుక భూమిని తాకకుండా చుట్టూ తిరుగుతున్నాడు.

సూర్యుడు చంద్రుణ్ణి అందుకోలేడని, రాత్రి పగటిని మించిపోలేదని, అన్నీ తమ తమ కక్ష్యల్లో ఈదుతున్నాయని యాసీన్ సూరా (36:40) తెలుపుతోంది. సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తున్నాయని అర్రహ్మాన్ సూరా (55:5) తెలుపుతోంది. ఆ లెక్క ఇంత సున్నితమైనది.

సెకనుకు కిలోమీటరు పరుగు, దానికి మిల్లీమీటరున్నర లోపు మలుపు. ఆ చిన్న మలుపే చంద్రుణ్ణి దారితప్పకుండా కాపాడుతోంది. అది ఒక్కసారి జరిగి ఊరుకునేది కాదు. ప్రతి క్షణం జరగాలి. మన మనసుకూ జడత్వం ఉంది. వదిలేస్తే వ్యాపారం, కోరిక, కోపం ఎటు తోస్తే అటే తిన్నగా పోతుంది. ఫజ్ర్ ఒకసారి మలుపుతుంది, జుహ్ర్ ఒకసారి, అస్ర్ ఒకసారి, మగ్రిబ్ ఒకసారి, ఇషా ఒకసారి. ఒక్కో నమాజుకు పట్టేది కొన్ని నిమిషాలే. చిన్నదే అయినా నిలకడగా చేసే ఆచరణ అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన హదీసు చెప్పేది ఇదే.

తవాఫ్ చేసే హాజీ కూడా ఏడుసార్లు తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తాడు కదా, మరి అతని స్థానభ్రంశం సున్నాయే కదా అని మీరు అడగవచ్చు. గానుగెద్దూ తిరుగుతుంది, హాజీ కూడా తిరుగుతాడు. కళ్ళకు గంతలు కట్టిన ఎద్దుకు తాను దేని చుట్టూ తిరుగుతున్నదీ తెలియదు. హాజీకి తన కేంద్రం ఏదో తెలుసు. దైనందిన జీవితం ఎలాగూ చుట్లు తిరగడమే. ఇల్లు, దుకాణం, మళ్ళీ ఇల్లు. మధ్యలో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

ఒక జాగ్రత్త

ఇవి అర్థం కావడానికి చెప్పుకున్న పోలికలు మాత్రమే. ఖుర్ఆన్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకం కాదు, మార్గదర్శక గ్రంథం. ప్రతి సూత్రాన్నీ తెచ్చి ఏదో ఒక ఆయత్‌కు అతికించడం గ్రంథానికి గౌరవం కాదు. మనుషుల సిద్ధాంతాలు మారుతుంటాయి. గ్రహాలు వృత్తాల్లోనే తిరుగుతాయని విద్వాంసులు శతాబ్దాల తరబడి నమ్మారు. 1609లో కెప్లర్ అవి దీర్ఘవృత్తాలని చూపించాడు. ఈమాన్‌ను సిద్ధాంతాలకు కట్టివేయకూడదు. అలాగని శాస్త్రాన్ని చూసి పారిపోనూ కూడదు.

మన పూర్వీకులు పారిపోలేదు. అల్ బిరూనీ 1025లో పూర్తిచేసిన ఒక గ్రంథంలో గజ్నీ నగరానికి ఖిబ్లా దిశను గణితంతో నిర్ణయించాడు. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఇబ్నుష్షాతిర్ గ్రహాల కదలికలకు కొత్త నమూనాలు రచించాడు. నమాజుకు వేళ కావాలి, దిశ కావాలి. ఆ అవసరమే వారిని ఆకాశం చదివించింది.

ఇంట్లో బలాలు ఎటు?

ఇద్దరు మనుషులు ఒక తోపుడుబండిని ఒకే వైపు నెడితే బలాలు కలుస్తాయి. ఎదురెదురుగా నెడితే ఎక్కువ బలంలోంచి తక్కువ బలం పోతుంది. ఇద్దరిదీ సమానబలమైతే చెమటలు కారినా బండి కదలదు. సదిశల సంకలనం అంటే ఇంతే. మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? బడి పిల్లను ఒక వైపు నెడుతుంది, ఇల్లు ఇంకో వైపు లాగుతుంది. తల్లి దీన్ అంటుంది, తండ్రి మార్కులంటాడు. నడుమ బండి నిలిచిపోతుంది. జ్ఞానాన్ని అల్లాహ్ ప్రసన్నత కోసం, ఆయన దాసుల మేలు కోసం సంపాదించాలన్న సంకల్పం ఇంట్లో అందరిదీ అయితే, అదే భౌతికశాస్త్రం దీన్ దిశలోనే నడుస్తుంది. ఆ సోదరునితో మేము చెప్పింది ఇదే. చదువు మాన్పించడం వల్ల ఆ పిల్ల దిశ మారదు, ఉన్న చలనం ఆగిపోతుంది. మన బాధ్యత దిశ చూపడం.

నీడ చూపిన దిశ

ఏటా మే 27, 28 తేదీల్లో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, మళ్ళీ జూలై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా గృహం నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన నిలువుగా పాతిన కర్ర నీడ ఖిబ్లాకు సరిగ్గా వ్యతిరేక దిశలో పడుతుంది. నీడ కొసన నిలబడి కర్ర వైపు చూస్తే అదే ఖిబ్లా. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు అది తిన్నని పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి 17, 18 డిగ్రీలు వాలుగా ఉంటుంది.

ఆ సంగతి విన్న ఆ అమ్మాయి మే 28న మండుటెండలో మిద్దె మీద కర్ర నిలబెట్టింది. తండ్రి గడియారం పట్టుకున్నారు. నీడ వెంట సుద్దముక్కతో గీత గీశారు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో జానమాజ్ తిన్నగా పడమటి గోడకు ఎదురుగా పరుస్తున్నారు. అది గీతకు కొంచెం పక్కగా ఉంది. అప్పుడు ఆ అమ్మాయి, "అబ్బా, మరి మనం ఇన్నాళ్ళూ చేసిన నమాజులు?" అని అడిగింది.

ఈసారి ఆయన కసరలేదు. మాకు ఫోన్ చేశారు. దూరప్రాంతాల వారికి కాబా ఉన్న వైపు ముఖం తిప్పడం చాలునని, తెలియక జరిగిన కొద్దిపాటి వాలు వల్ల నమాజు చెడదని అత్యధిక ధర్మవేత్తలు చెప్పారని వివరించాము. సరైన దిశ తెలిశాక దాన్ని పాటించడం మేలని కూడా చెప్పాము. ఆ సాయంత్రం అస్ర్‌కు ఆ ఇంటి జానమాజ్ కొంచెం కుడివైపుకు తిరిగింది. చాలాకాలానికి కూతురు తండ్రిని నమాజు గురించి ఒక ప్రశ్న అడిగింది. మిద్దె మీది గీత కంటే ఆయనకు సంతోషం కలిగించింది అదే.

ముఖాలను తూర్పుకో పడమరకో తిప్పుకోవడం మాత్రమే పుణ్యం కాదని, విశ్వాసం, దానం, మాట నిలబెట్టుకోవడం, కష్టాల్లో సహనం అసలైన పుణ్యమని అల్ బఖరా సూరా (2:177) గుర్తుచేస్తోంది. ముఖానికి దిశ నీడ చూపిస్తుంది. హృదయపు దిశను మాత్రం ప్రతి నమాజులో, ప్రతి పనిలో మనమే సరిచూసుకోవాలి.

ఓ అల్లాహ్! మా శ్రమను వ్యర్థం కానివ్వకు. మా సంకల్పాలను నీ కోసమే ప్రత్యేకించు. నీ సృష్టిని చూసి నిన్ను గుర్తించే కళ్ళను మా బిడ్డలకు, వారి ప్రశ్నలను ఓపికతో వినే మనసును మాకు ప్రసాదించు. ఆమీన్.